ట్రాక్టరు బ్యాటరీనుండి హెచ్చు వోల్టుల కరెంటు

యాసంగి కోతలు ముమ్మరముగా సాగుచున్న కాలమున, కోదాడకు సమీపమున నొక వడ్ల కల్లమునందు నేను చూచిన సంగతితో ఈ పాఠమును ఆరంభించుచున్నాను. ఒక రైతు తన వడ్లను కల్లమున ఆరబోసి, కొనుగోలు కేంద్రమువారి లెక్కప్రకారము తేమ నూటికి 17 పాళ్లకు దిగువరకు కాచుకొని యుండెను. ఆ కల్లమునకు కరెంటు తీగ లేదు. రాత్రివేళ వడ్లను కుప్పజేసి పరదాలు కప్పుటకు వెలుతురు కావలయునని, అతడు బజారున 1000 వాట్ల ఇన్వర్టరును కొనితెచ్చి ట్రాక్టరు బ్యాటరీకి తగిలించెను. దానినుండి ఒక్కొక్కటి 200 వాట్లు గల పాతరకపు హాలోజను దీపములు నాలుగింటిని వెలిగించెను. కల్లమంతయు పట్టపగలువలె నయ్యెను. ప్రక్కకుప్పల వారు వచ్చి చూచి మెచ్చుకొనిరి. డీజిలు వృథా యగునని అతడు ఇంజనును ఆపివేసెను.

అరగంట గడువకమున్నే ఇన్వర్టరు కీచుమని కూసి, దీపములన్నియు ఒక్కసారిగా ఆరిపోయెను. ఇంజనును నడుపబోగా స్టార్టరు టక్కుమని ఒక చప్పుడు చేసి ఊరకుండెను. ఆ రాత్రియే అకాలవర్షము కురిసెను. చీకటిలో సగము కుప్పకే పరదా పడెను. తక్కిన సగము తడిసినది. తడిసిన వడ్లను మరల పరచి, తిరుగవేసి, ఆరబెట్టుటలో నాలుగు దినములు గడచెను. అడుగున ఉన్న గింజ మొలకెత్తినది.

అతనికి అమ్మిన ఇన్వర్టరు చెడ్డది కాదు. బ్యాటరీయు పాతది కాదు. లోపమెక్కడనగా, 12 వోల్టులను 230 వోల్టులుగా పెంచినపుడు ఏమి హెచ్చును, ఏమి తగ్గును అను లెక్క అతడు చూచుకొనలేదు. ఈ లెక్క రెండవ తరగతి గుణకారమునకు మించినది కాదు. కాని తెలియకున్న వడ్ల కుప్ప తడియును, వెయ్యి రూపాయలు పలుమార్లు పెట్టి కొన్న బ్యాటరీ పాడగును. ఒక్కొక్కపుడు తీగ కాలి ట్రాక్టరే అంటుకొనును.

మోటబావి నెరిగిన పెద్దలు మన సభ్యులలో ఇంకను కలరు. ఒక జత యెడ్లు పది మూరల లోతు బావినుండి గంటకు ఇన్ని బొక్కెనల నీరు తోడుననుకొనుడు. అవే యెడ్లు ఇరువది మూరల లోతునుండి తోడవలసివచ్చిన, అదే గంటలో సగము బొక్కెనలు మాత్రమే పైకి వచ్చును. లోతు హెచ్చిన నీరు తగ్గును. యెడ్ల బలము మారదు. విద్యుత్తున వోల్టు అనునది ఆ యెత్తు వంటిది. ఆంపియరు అనునది పారు నీటి పరిమాణము వంటిది. రెంటిని గుణించగా వచ్చునది వాటు. అది యెడ్ల బలము. 12 వోల్టుల వద్ద 20 ఆంపియర్లు పారిన 240 వాట్లు. అవే 240 వాట్లు 230 వోల్టుల వద్ద ఒక ఆంపియరుకు కొంచెము మించి మాత్రమే యగును. ఇన్వర్టరు ఎత్తును పెంచును గాని యెడ్లను పుట్టించదు. పైగా తన కూలిగా నూటికి పది పదునైదు పాళ్లు తానే వేడిరూపమున తినివేయును. 230 వోల్టుల వైపున 100 వాట్ల దీపము వెలుగుటకు బ్యాటరీ వైపున సుమారు 118 వాట్లు, అనగా దాదాపు 10 ఆంపియర్లు పోవలయును. 100 వాట్లకు 10 ఆంపియర్లు అను ఈ ఒక్క మాటను గుర్తుంచుకొనిన చాలును. తక్కిన లెక్కలన్నియు దానినుండియే వచ్చును.

ఇప్పుడు పై రైతు సంగతి చూతము. నాలుగు దీపములు కలిసి 800 వాట్లు. బ్యాటరీనుండి పోయినది సుమారు 80 ఆంపియర్లు. అతని బ్యాటరీపై 75 ఆంపియరు-గంటలు అని వ్రాసియున్నది. అట్లయిన 80 ఆంపియర్ల చొప్పున గంటకు కొంచెము తక్కువగా వెలుగవలసినది కదా, అరగంటకే ఏల ఆరెనని అడుగవచ్చును. ఆ వ్రాత యొక్క అర్థము వేరు. ఇట్టి బ్యాటరీని 20 గంటలపాటు మెల్లగా, గంటకు మూడుముప్పాతిక ఆంపియర్ల చొప్పున వాడిన 75 వచ్చునని దాని భావము. తొందరపెట్టి ఒక్కసారి తోడిన, ఊట తక్కువగల బావివలె అది అడుగంటును. ఊరుటకు వ్యవధి యుండదు. లోపలి సీసపు పలకలపై జరుగు రసాయనక్రియ అంత వేగముగా సాగలేకపోవుటయే దీనికి కారణము.

ఈ 12 అను సంఖ్య ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొనుట ఉపయోగకరము. సీసపు పలకలను గంధకామ్లమున ముంచిన బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడగు గాస్తాఁ ప్లాంతే కనిపెట్టెను. అందు ఒక్కొక్క అరకు సుమారు 2 వోల్టులు. ఆరు అరలను వరుసగా కలిపిన 12. తొలుత కార్లలో మూడు అరల 6 వోల్టుల బ్యాటరీలే యుండెడివి. 1950వ దశకము నడుమ అమెరికా దేశపు కార్లు 12 వోల్టులకు మారినవి. ఇంజనులు పెద్దవై స్టార్టరుకు హెచ్చు బలము కావలసివచ్చినది; 6 వోల్టులతో ఆ బలము నిచ్చుటకు బొటనవ్రేలంత తీగలు కావలసివచ్చెడివి. బరువు లారీలు ఇంకొక అడుగు ముందుకు వేసి 24 వోల్టులకు పోయినవి. మన యూళ్లకు వచ్చు 11,000 వోల్టుల తీగయు ఈ న్యాయము ననుసరించినదే. ఎత్తు హెచ్చిన పారుదల తగ్గును. పారుదల తగ్గిన సన్నని తీగ చాలును, తోవలో నష్టము స్వల్పము.

అయితే ఊరి ట్రాన్స్‌ఫార్మరు వంటి దానిని బ్యాటరీకి తగిలించి 12ను 230 చేయరాదా అని కొందరు యువకులు నన్ను అడిగిరి. చేయరాదు. ట్రాన్స్‌ఫార్మరు పనిచేయుటకు కరెంటు క్షణక్షణము దిశ మార్చుచుండవలయును. ఈ ధర్మమును ఫారడే 1831లో కనిపెట్టెను. బ్యాటరీ కరెంటు ఒకే దిశగా పారునది. దానిని ట్రాన్స్‌ఫార్మరుకు తగిలించిన తీగ కాలుట తప్ప మరేమియు జరుగదు. కావున ముందుగా ఆ కరెంటును తునకలు తునకలుగా త్రెంచవలయును. 1930వ దశకమున కార్లలో రేడియోలు పెట్టినపుడు ఈ చిక్కే వచ్చినది. ఆ కాలపు వాల్వు రేడియోకు దాదాపు 200 వోల్టులు కావలయును, కారులో ఉన్నవి 6. అప్పటివారు గంటవలె గిజగిజలాడు ఒక ఇనుప నాలుకను పెట్టి, దానిచే కరెంటును సెకనుకు వందపర్యాయములకు మించి త్రెంచించి, ట్రాన్స్‌ఫార్మరుతో పెంచిరి. నేటి ఇన్వర్టరులో ఆ నాలుక చేయు పనిని ట్రాన్సిస్టరులు చప్పుడు లేక, మిక్కిలి వేగముగా చేయుచున్నవి. పెట్రోలు బండ్లలో నిప్పురవ్వ పుట్టించు కాయిలు సైతము ఈ జాతిదే. డీజిలు ట్రాక్టరులో దాని అవసరము లేదు.

ఇక ఇంజను నడుచుచుండగా సంగతి యేమి? ఇంజను ఆపుట వలననే కదా ఆ రైతుకు నష్టము కలిగినది, నడుపుచుండిన సరిపోయెడిది కాదా? సరిపోయెడిది కాదు. 45 గుర్రపు బలముల ట్రాక్టరు అనగా 33,000 వాట్లకు పైమాట. వినువారికి అది సముద్రమువలె తోచును. కాని ఆ బలమంతయు చక్రములకును, వెనుక తిరుగు పీటీవో కడ్డీకిని పోవును. కరెంటు పుట్టించు ఆల్టర్నేటరు చిన్నది. మన ప్రాంతమున వాడు ట్రాక్టరులు పెక్కింటిలో అది 36 ఆంపియర్లది. 14 వోల్టులతో గుణించిన సుమారు 500 వాట్లు. ఒక గుర్రపు బలమైనను కాదు. సాగరు ఎడమ కాలువకు 1967 ఆగస్టు 4న నీరు వదలిననాటినుండి మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల రైతులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కాలువ గట్లు తెగునంత నిండుగా పారుచున్నను, నీ పొలమునకు వచ్చునది నీ తూము కొలతను బట్టియే. ఆల్టర్నేటరు ట్రాక్టరుకు తూము.

ఆ 500 వాట్లును మనకు మిగులవు. ముందరి దీపములు, వెనుక దీపములు వెలుగుచుండిన 120 వాట్ల వరకు పోవును. స్టార్టరు వాడినపుడు పోయిన దానిని బ్యాటరీ తిరిగి త్రాగవలయును. నిలువబెట్టిన ట్రాక్టరు ఇంజను మెల్లగా తిరుగుచుండును గనుక ఆల్టర్నేటరు తన పూర్తి బలము నీయదు. ఇవన్నియు తీసివేసి, ఇన్వర్టరు కూలిని గూడ తీసివేసి చూచిన, 230 వోల్టుల వైపున నిలకడగా వాడదగినది 200 వాట్లు. ఇంజనును తగినంత వేగముగా నడిపిన 300 వరకు పోవచ్చును. మీ ట్రాక్టరులో ఆల్టర్నేటరు పెద్దదయిన లెక్క మారును. దానిపై అతికించిన రేకును చదువుడు. ఇన్వర్టరు పెట్టెపై 1000 అని వ్రాసియుండుటను చూచి మోసపోరాదు. అది ఇన్వర్టరు మోయగల బరువు. నీ యెడ్లు లాగగల బరువు కాదు.

ఇంజను ఆగియున్నపుడు కేవలము బ్యాటరీనుండి ఎంత తీయవచ్చునన్నది వేరు ప్రశ్న. ట్రాక్టరు బ్యాటరీని చేయుటయే స్టార్టరు కొరకు. పలకలు పలుచగా, అనేకముగా ఉండును. రెండు మూడు సెకనులపాటు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే మరల నిండవలయునన్నది దాని ధర్మము. ఇంటి ఇన్వర్టరులకు పెట్టు గొట్టపు పలకల బ్యాటరీ వేరు. అది గంటలతరబడి మెల్లగా ఇచ్చుటకు పుట్టినది. స్టార్టరు బ్యాటరీని మాటిమాటికి అడుగంట తోడిన పలకల మీది పదార్థము రాలిపోయి, నాలుగేండ్లు రావలసినది ఒక యేడాదిలోనే పోవును. కావున నాలుగవ వంతుకు మించి తీయకుండుట మేలు. 75 ఆంపియరు-గంటల బ్యాటరీకి అది 18 లేక 19. అనగా 5 ఆంపియర్ల దీపములు మూడుగంటలకు పైగా వెలుగును. 80 ఆంపియర్ల దీపములు పది నిముషములు గూడ వెలుగవు.

బ్యాటరీలో ఎంత మిగిలినదో తెలిసికొనుటకు కొన్ని వందల రూపాయల మీటరు చాలును. ఇంజనును, దీపములను ఆపి గంటసేపు ఊరకుంచిన తరువాత చూడవలయును. 12.6 వోల్టులు చూపిన నిండుగానున్నది. 12.2 అయిన సగము. 12కు తక్కువయిన అది దాదాపు వట్టిదే. ఇంజను నడుచుచుండగా 13.8 మొదలు 14.4 వరకు చూపవలయును. చూపకున్న ఆల్టర్నేటరునో, బెల్టునో మెకానిక్కునకు చూపించుడు. ఈ మీటరు మన సంఘపు కార్యాలయములలో ఒకటి యుండుట మంచిదని నా అభిప్రాయము. తేమ కొలుచు యంత్రము నుంచుకొనుచున్నాము, దీనిని గూడ ఉంచుకొనవచ్చును.

తీగల విషయమున రైతులు ఎక్కువగా పొరపాటుపడుచున్నారు గనుక కొంచెము విస్తరించి చెప్పెదను. ఇంటిలో 230 వోల్టుల వద్ద 500 వాట్ల సామానుకు రెండు ఆంపియర్లకు కొంచెము మించి పోవును. అందుకు వాడు సన్నతీగను చూచి, బ్యాటరీనుండి ఇన్వర్టరుకు గూడ అట్టిదే లాగుదురు. అక్కడ పోవునది సుమారు 50 ఆంపియర్లు. తీగలో పుట్టు వేడి పారుదల రెట్టింపయిన నాలుగురెట్లగును. పారుదల ఇరువదిరెట్లయిన నాలుగువందల రెట్లు! ఒక లెక్క చూడుడు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను బ్యాటరీనుండి 5 మీటర్ల దూరమున నున్న ఇన్వర్టరుకు లాగితిమనుకొనుడు. పోవుటకు 5, వచ్చుటకు 5, మొత్తము 10 మీటర్లు. 50 ఆంపియర్లు పారిన దారిలోనే ఒకటిన్నర వోల్టుకు సమీపముగా పోవును. 70 వాట్లు తీగను కాల్చుటకే ఖర్చగును. ఇన్వర్టరుకు అందునది 10.6 వోల్టులు. పది పదిన్నర వోల్టులవద్ద అది తనంతట తాను ఆగిపోవునట్లు చేయబడియుండును. బ్యాటరీ నిండుగానున్నను ఇన్వర్టరు కూయుచున్నదని కొందరు ఫిర్యాదు చేయుటకు ఇదియే కారణము.

దీనికి మందు సులభము. ఇన్వర్టరును బ్యాటరీ చెంతనే, ఒక మీటరు లోపలనే పెట్టి, 12 వోల్టుల తీగను పొట్టిగా, లావుగా ఉంచుడు. దూరము పోవలసిన తీగ 230 వోల్టుల వైపున పోవలయును. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు తీగతో 20 మీటర్ల దూరమునకు అవే 500 వాట్లను పంపిన తోవలో పోవునది ఒక వోల్టు మాత్రమే. 230లో ఒకటి పోయినను దీపమునకు తెలియదు. 300 వాట్ల ఇన్వర్టరుకు 10 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, దానికి తగిన 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టవలయును. ఫ్యూజును ఎక్కడ పెట్టవలయునన్నది మరువరాదు. అది బ్యాటరీ ధనధ్రువమునకు జానెడు దూరములోనే యుండవలయును. ఇన్వర్టరు దగ్గర పెట్టిన ఫ్యూజు ఇన్వర్టరును కాపాడును గాని, నడుమ తీగ ఇంజను ఇనుముకు రాచుకొని తోలు ఒలిచిన, ట్రాక్టరును కాపాడలేదు. 12 వోల్టులు మనిషిని కొట్టవు, నిజమే. కాని ఆ తీగ ఇనుముకు తగిలిన వందల ఆంపియర్లు పారి ఎఱ్ఱగా కాలును; ప్రక్కనే డీజిలు గొట్టము, పైన గడ్డి. ఫ్యూజు పోయినపుడు దానికి మారుగా రాగిపోగు చుట్టువారిని చూచుచున్నాము. ఆ పనికంటె అసలు ఫ్యూజు లేకుండుటయే మెరుగు. ఉన్నదన్న భ్రమయైనను ఉండదు.

జీపులలో, కార్లలో సిగరెట్టు వెలిగించుకొనుటకు పెట్టిన రంధ్రమున ఇన్వర్టరును గుచ్చువారు, ఆ రంధ్రపు ఫ్యూజు సాధారణముగా 10 లేక 15 ఆంపియర్లదని యెరుగవలయును. 100 వాట్లకు పైబడిన దేనిని అక్కడ పెట్టరాదు.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నెంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోవుచున్నందున, మనవారికి లారీలతో సంబంధము ఎక్కువ. వడ్లు తరలించు లారీలలో పెక్కింటికి 24 వోల్టులు, అనగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపినవి యుండును. ఇచ్చట రెండు తప్పులు జరుగుచున్నవి. చార్జి పోయిన ట్రాక్టరును నడుపుటకు లారీ బ్యాటరీలు రెంటినుండి కలిపి తీగలు తెచ్చి తగిలింతురు. 12 వోల్టుల వ్యవస్థకు 24 వచ్చి దీపములు మాడును, ఆల్టర్నేటరు లోపలి సున్నిత భాగములు చెడును, బ్యాటరీ పొంగును. మరియొక ట్రాక్టరునుండి తీసికొనుట క్షేమము. ఆ పనియందు గూడ చివరి తీగను చార్జి పోయిన బ్యాటరీపై గాక, దానికి దూరముగా ఇంజను ఇనుముపై పెట్టవలయును. చార్జి యగుచున్న బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడుచుండును, చిన్న నిప్పురవ్వతో అది పేలి ఆమ్లము ముఖమున పడగలదు. రెండవ తప్పు లారీవారిది. 12 వోల్టుల పాటల పెట్టె కొరకు రెండు బ్యాటరీలలో ఒక్కదానినుండి తీగ లాగుదురు. ఒక యెద్దు అలసి, రెండవది అలయని కాడివలె అది నడుచును. వాడిన బ్యాటరీ సదా అరకొరగా నిండును. వాడనిదానికి హెచ్చుగా చార్జి యెక్కి నీరు ఇగిరిపోవును. కొద్ది నెలలలో రెండును చెడును. 24ను 12కు దించు చిన్న పెట్టెలు దొరకును, అవి వాడుటయే పద్ధతి. ట్రాక్టరుకు రెండవ బ్యాటరీని వరుసగా చేర్చి 24 వోల్టుల సామాను నడుపుదమను ఉపాయము గూడ పనికిరాదు. ట్రాక్టరు ఆల్టర్నేటరు 14 వోల్టులే యిచ్చును, రెండవది నిండుటకు మార్గమే లేదు.

230 వోల్టులు వచ్చిన తరువాత, అది ఇన్వర్టరునుండి వచ్చినను స్తంభమునుండి వచ్చినను మనిషి ప్రాణము తీయుటలో భేదము లేదు. బ్యాటరీ కరెంటే కదా యని తడిచేతులతో ముట్టువారు కలరు. కల్లమున తీగను నేలపై పరచరాదు. పారలు, ట్రాక్టరు చక్రములు, ఎలుకలు దానికి శత్రువులు. గుంజలు పాతి తలకు మించిన యెత్తున కట్టుడు. అతుకులు లేని, రెండు పొరల తోలు గల తీగను వాడుడు. ఇంకొక పని ఎన్నడును చేయరాదు: కరెంటు పోయినపుడు ట్రాక్టరు ఇన్వర్టరు తీగను తెచ్చి ఇంటి స్విచ్చుబోర్డులో గుచ్చుట. అట్లు చేసిన ఆ కరెంటు మీటరు దాటి వీధి తీగలోనికి, అక్కడనుండి ట్రాన్స్‌ఫార్మరులోనికి వెనుదిరిగి పోవచ్చును. 230ను పైకి 11,000 చేయుట ఆ ట్రాన్స్‌ఫార్మరుకు కష్టము కాదు. లైను ఆపితినని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మాన్ ఆ చివర నుండును.

ఏ సామానును ఇట్లు నడుపవచ్చును, ఏది నడుపరాదు? మోటార్లను నడుపరాదనియే నా సలహా. ఒక గుర్రపు బలపు మోటారుకు నడుచునపుడు సుమారు 1000 వాట్లు కావలయును. బయలుదేరునపుడు క్షణకాలము దానికి ఐదారు రెట్లు. పైన చెప్పిన 300 వాట్ల తూముతో ఆ చేను తడియదు. చవుక ఇన్వర్టరులు ఇచ్చు కరెంటు అలలు గుండ్రముగాక మెట్లుమెట్లుగా నుండుటచే మోటార్లు గుర్రుమని వేడెక్కును గూడ. తాలు తీయుటకు తూర్పారబట్టు పంకా కావలసిన, ట్రాక్టరు వెనుక పీటీవోకు తగిలించునదే తెచ్చుకొనుడు. ఇంజను బలమును కరెంటు చేసి, బ్యాటరీలో పోసి, వోల్టులు పెంచి, మరల మోటారుచే బలముగా మార్చుట యెందుకు? కడ్డీ తిరుగుచునే యున్నది కదా. నిజముగా రెండు మూడు వేల వాట్లు కావలసిన సంఘములు, పీటీవోతో తిరుగు ప్రత్యేకపు ఆల్టర్నేటరునో, చిన్న జనరేటరునో చూచుకొనవలయును.

మందు కొట్టు పంపుల బ్యాటరీలను చార్జి చేయు చార్జరులు కొద్ది వాట్లతో పోవును, ఇన్వర్టరుపై నడుపవచ్చును. కొనుగోలు కేంద్రముల వద్ద లెక్కలు వ్రాయు ల్యాప్‌టాపుకు 19 వోల్టులు కావలయును. దానికై 12ను 230కి పెంచి, మరల చార్జరుచే 19కి దించుట రెండుసార్లు కూలి యిచ్చుట వంటిది. 12నుండి నేరుగా 19 చేయు చిన్న పెట్టె దొరకును. 65 వాట్లకు 6 ఆంపియర్లు పట్టును. సెల్‌ఫోనుకు 5 వోల్టులే గనుక పెంచుటతో పనియే లేదు. మిర్యాలగూడ రైసు మిల్లుల ముందు రాత్రులు వరుసలో నిలిచిన ట్రాక్టరుల వద్ద టేబులు పంకాలను ఇన్వర్టరుపై నడుపుట చూచితిని. 12 వోల్టులతోనే తిరుగు పంకాలు అంగళ్లలో దొరకుచుండగా ఇది వృథా శ్రమ.

దీపముల విషయమున నిక సందేహమే లేదు. నేటి ఎల్ఈడీ దీపములు 20 వాట్లతో పాత 150 వాట్ల దీపమంత వెలుతురు నిచ్చును. అందు 12 వోల్టులకు నేరుగా వెలుగునవి ట్రాక్టరు సామానుల అంగళ్లలో ఉండును. 10 మొదలు 30 వోల్టుల వరకు అని వ్రాసిన దీపము ట్రాక్టరుకును, లారీకిని పనికివచ్చును. వోల్టులు పెంచనే అక్కరలేదు గనుక ఇన్వర్టరు కూలి లేదు, 230 వోల్టుల భయమును లేదు. ఒక్క దూరమే అడ్డు. 12 వోల్టుల తీగ దూరము పోయినకొద్ది లావు కావలయును. అయినను 5 ఆంపియర్లే గనుక 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో 10 మీటర్లు పోయినను నష్టము అర వోల్టునకు మించదు.

మొదట చెప్పిన రైతు మరుసటి కారున ఆ హాలోజను దీపములను పశువుల కొట్టమున అటకపై పెట్టెను. 20 వాట్ల దీపములు మూడింటిని ట్రాక్టరు కప్పుకు రెండు, కల్లపు గుంజకొకటి కట్టెను. మొత్తము 60 వాట్లు, 5 ఆంపియర్లు. బ్యాటరీ ప్రక్కన 10 ఆంపియర్ల ఫ్యూజు. వెలుతురు ఎనిమిదివందల వాట్లనాటి పట్టపగలు కాదు గాని, పరదా అంచు కనబడును, వడ్లలో రాయి కనబడును. సాయంకాలము ఏడు మొదలు పది వరకు ఇంజను ఆపియే వెలిగించి, పడుకొనబోవునపుడు మీటరు పెట్టి చూచును. 12.4 వోల్టులకు తగ్గినదని తోచిన ఆ పూటకు దీపములు ఆర్పి, టార్చిలైటును తలక్రింద పెట్టుకొనును. ఆ ఇన్వర్టరును అతడు అమ్మలేదు. మందు పంపుల బ్యాటరీలను చార్జి చేయుటకు పొలమున వాడుకొనుచున్నాడు.